రిజిస్టర్ నుంచి గ్రాఫ్ దాకా: ఒక చిన్న ఫ్యాక్టరీలో నేర్చుకున్న డేటా పాఠం

పోయిన సెమిస్టర్‌లో మాకు డేటా అనలిటిక్స్ ఎలెక్టివ్ ఉండేది. అందులో ఒక యూనిట్ పేరు ‘మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీల్లో డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్’. స్లయిడ్ల నిండా రోబో చేతులు, ఒక మబ్బు బొమ్మ, ఆ మబ్బులోకి వెళ్లే బాణాలు. పరీక్షలో దాని మీద పది మార్కుల ప్రశ్న వచ్చింది, నాకు ఎనిమిది వేశారు. ఆ ఎనిమిది మార్కుల ధైర్యంతోనే ఎండాకాలం సెలవుల్లో మా మామయ్య వర్క్‌షాప్‌కి వెళ్లాను.

ఈ వ్యాసంలో ఆ యూనిట్‌లో ఉన్న విషయమే చెప్తాను, కానీ నాకు అర్థమైన వరసలో. ముందే ఒక మాట. స్కూల్లో తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్. తప్పులు మన ఎడిటర్ గారు దిద్దారు, ఇంకా మిగిలితే అవి నావే.

మామయ్యది బాలానగర్‌లో చిన్న యూనిట్. హైదరాబాద్ వాళ్లకి తెలిసే ఉంటుంది, ఆ సందుల్లో ఏ షట్టర్ వెనక చూసినా ఏదో ఒక మెషిన్ తిరుగుతూనే ఉంటుంది. మామయ్య దగ్గర ఐదు సీఎన్‌సీ టర్నింగ్ మెషిన్లు, ఒక పాత లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. పంపులు, వాల్వులు తయారుచేసే కంపెనీలు డ్రాయింగ్ పంపిస్తాయి, వీళ్లు ఆ కొలతలకి చెక్కి ఇస్తారు. దీన్ని జాబ్ వర్క్ అంటారు. చెక్కే వస్తువుని కూడా జాబ్ అనే అంటారు. మొదటి రోజు ఎవరో ‘అన్నా, జాబ్ పోయింది’ అని అరిస్తే ఎవరి ఉద్యోగం పోయిందోనని నేను నిజంగానే కంగారుపడ్డాను.

మామయ్యకి రెండు తలనొప్పులు ఉన్నాయి. ఒకటి, కస్టమర్ దగ్గర నుంచి రిజెక్షన్ ఎక్కువైందని ఫోన్లు. రెండు, ఆర్డర్లు టైముకి అందట్లేదు, అందుకని ఆరో మెషిన్ కొనాలి, దానికి లోన్ కావాలి, లోన్‌కి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలి. అత్తయ్యకి ఈ రెండోది ఇష్టం లేదు. ‘అల్లుడూ, నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కదా, మా లెక్కలు కూడా కొంచెం చూడరాదూ’ అన్నాడు మామయ్య.

నేను అడిగిన మొదటి ప్రశ్న ‘మామయ్యా, మీ డేటా ఎక్కడుంది?’ ఆయన టేబుల్ సొరుగులోంచి మూడు పొడుగు రిజిస్టర్లు తీసి ముందు పెట్టాడు. ఒకదాని అట్టకి గ్రీజు వేలిముద్రలు.

రెండు వారాల టైపింగ్

మెషిన్ లెర్నింగ్ వీడియోల్లో డేటా ఎప్పుడూ ఒక సీఎస్‌వీ ఫైల్‌లో శుభ్రంగా ఉంటుంది. ఇక్కడ ఒకే పార్టుకి నాలుగు పేర్లున్నాయి. సన్నటి గోడ ఉండే ఒక స్టీల్ స్లీవ్‌ని ఒకరు ‘స్లీవ్’ అని, ఒకరు డ్రాయింగ్ నంబరుతో, ఒకరు కస్టమర్ పేరుతో, ఇంకొకరు ‘పైపు’ అని రాశారు. కంప్యూటర్‌కి ఇవి నాలుగు వేరే పార్టులు.

అంతకంటే తమాషా తేదీలది. నైట్ షిఫ్ట్ రాత్రి ఎనిమిదికి మొదలై పొద్దున ఎనిమిదికి అయిపోతుంది. 14వ తేదీ రాత్రి ఎక్కినవాడు దిగేసరికి 15. కొందరు 14 అని రాస్తారు, కొందరు 15 అని. నేను మొదట గమనించలేదు. దాంతో కొన్ని రోజులకి రెండు నైట్ షిఫ్టులు వచ్చాయి, కొన్ని రోజులకి ఒకటీ లేదు. షిఫ్ట్ ఏ తేదీన మొదలైతే ఆ తేదీ అని రూలు పెట్టుకుని మొత్తం మళ్లీ సరిచేశాను.

ఈ పనికి రెండు వారాలు పట్టింది. మీలో ఎవరైనా ఫ్యాక్టరీ ప్రాజెక్ట్ తీసుకుంటే ఈ రెండు వారాలు ముందే పక్కన పెట్టుకోండి. బోర్‌గా ఉంటుంది కానీ, ఏ పార్టుని ఎవరు ఏమని పిలుస్తారో తెలిసేది ఇక్కడే. అప్పటికి నాకు మెషిన్ల కంటే చేతిరాతలే ఎక్కువ పరిచయం.

నా మొదటి గ్రాఫ్

టైపింగ్ అయిపోయాక నేను చేసిన మొదటి పని చాలా ఈజీ. పాండాస్‌లో గ్రూప్‌బై అని ఒక కమాండ్ ఉంటుంది, షిఫ్ట్ వారీగా రిజెక్షన్ ఎంతో అడిగాను. మూడో నంబర్ మెషిన్ మీద ఒక నెల లెక్క చెప్తాను, తేలిగ్గా ఉండటానికి అంకెలు గుండ్రం చేశాను. డే షిఫ్ట్‌లో 2000 పీసులు, అందులో 72 రిజెక్ట్. నైట్ షిఫ్ట్‌లో కూడా 2000 పీసులు, 134 రిజెక్ట్. అంటే పగలు 3.6 శాతం, రాత్రి 6.7 శాతం. దాదాపు రెట్టింపు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మూడు లైన్ల కోడ్‌తో జవాబు దొరికింది. డే షిఫ్ట్‌కి ఆకుపచ్చ కడ్డీ, నైట్ షిఫ్ట్‌కి ఎర్ర కడ్డీ పెట్టి గ్రాఫ్ గీసి మామయ్యకి వాట్సాప్ చేశాను. ఆయన దాన్ని ప్రింట్ తీయించి, అటెండెన్స్ రిజిస్టర్ ఉండే చోట గోడకి అంటించాడు.

ఆ మెషిన్ మీద నైట్ చేసేది శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అన్న. నైట్ బత్తా వస్తుందని ఆయన ఎప్పుడూ నైటే అడిగి చేస్తాడు. అంటే గ్రాఫ్ మీద పేరు రాయకపోయినా, ఎర్ర కడ్డీ ఎవరిదో అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున షిఫ్ట్ దిగేటప్పుడు మామయ్య ఆయన్ని పిలిచి, ఈ నెల ఇన్‌సెంటివ్ ఇవ్వడం కష్టమని చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ అన్న మామయ్యతో ఏమీ అనలేదు. గ్రాఫ్ దగ్గరికి వెళ్లి కాసేపు చూసి, నా వైపు తిరిగి అడిగాడు. ‘అంతా బానే ఉంది గానీ బాబూ, రాత్రికి ఏ జాబ్ ఇస్తన్నారో అది రాసేవేటి?’

రాయలేదు.

మళ్లీ లాప్‌టాప్ తెరిచి, షిఫ్ట్‌తో పాటు పార్టు పేరు కూడా కలిపి అడిగాను. ఆ నెల మూడో మెషిన్ మీద రెండే పార్టులు నడిచాయి. ఒకటి బుష్, మందంగా ఉంటుంది, ఎవరు చేసినా వస్తుంది. రెండోది ఇందాక చెప్పిన స్లీవ్. గోడ సన్నం కాబట్టి చక్‌లో కొంచెం గట్టిగా బిగిస్తే చాలు, బయటకి తీశాక గుండ్రంగా ఉండదు.

డే షిఫ్ట్‌లో బుష్‌లు 1600 చేస్తే 32 పోయాయి, 2 శాతం. స్లీవ్‌లు 400 చేస్తే 40 పోయాయి, 10 శాతం.

నైట్ షిఫ్ట్‌లో బుష్‌లు 400 చేస్తే 6 పోయాయి, 1.5 శాతం. స్లీవ్‌లు 1600 చేస్తే 128 పోయాయి, 8 శాతం.

కావాలంటే ఒక కాగితం తీసుకుని కూడి చూడండి, మొత్తాలు మారవు. బుష్‌లోనూ, స్లీవ్‌లోనూ నైట్ అన్నదే మంచి లెక్క. కానీ రెండూ కలిపేసరికి ఆయనే చెడ్డవాడు అయ్యాడు. ఎందుకంటే కష్టమైన పార్టులో ఎక్కువ భాగం ఆయనకే వెళ్తోంది. స్లీవ్ సెట్టింగ్ సాయంత్రం ఒకసారి పెడితే రాత్రంతా నడుపుకోవచ్చు, పగలు అర్జెంటుగా వచ్చే చిన్న ఆర్డర్లు చూసుకోవచ్చు. అది మామయ్య చేసిన ప్లానింగే, అందులో తప్పు లేదు. ఆ సంగతి నా గ్రాఫ్‌కి తెలియదు, అంతే.

దీన్ని సింప్సన్స్ పారడాక్స్ అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని మీద పేపర్ రాశాడు. మా సిలబస్‌లో ఉంది, నేను చదివాను కూడా. అక్కడ ఇచ్చిన ఉదాహరణ బర్క్‌లీ యూనివర్సిటీది. 1973లో అక్కడ పీజీ అడ్మిషన్లలో అప్లై చేసిన మగవాళ్లలో 44 శాతం మందికి సీటు వస్తే, ఆడవాళ్లలో 35 శాతం మందికే వచ్చింది. డిపార్ట్‌మెంట్ వారీగా విడదీసి చూస్తే ఆ తేడా దాదాపు మాయమైంది, సీట్లు తక్కువగా దొరికే డిపార్ట్‌మెంట్లకే ఆడవాళ్లు ఎక్కువగా అప్లై చేశారు కాబట్టి. 1975లో సైన్స్ పత్రికలో ఈ పరిశీలన వచ్చింది. నేను దీన్ని పరీక్షలో బొమ్మతో సహా రాశాను. బాలానగర్‌లో నా కళ్ల ముందే జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేదు. గుర్తుపట్టింది ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి.

గోడ మీద గ్రాఫ్ నేనే తీసేశాను. మామయ్య ఇన్‌సెంటివ్ ఇచ్చేశాడు. అయిపోయిందనుకున్నాను.

రిజెక్షన్ లేని నాలుగు రోజులు

తర్వాతి నాలుగు రోజులు రిజిస్టర్‌లో రిజెక్షన్ బాగా తగ్గిపోయింది. ఒక్క నైట్‌లోనే కాదు, డేలో కూడా, ఐదు మెషిన్ల మీదా. ఒక షిఫ్ట్‌లో సున్నా, ఇంకో షిఫ్ట్‌లో రెండు. గ్రాఫ్ పెట్టడం వల్ల అందరూ జాగ్రత్తపడ్డారని నేను అనుకున్నాను. మామయ్య నవ్వి, షెడ్డు వెనక ఉన్న స్క్రాప్ డ్రమ్ము చూసి రమ్మన్నాడు. డ్రమ్ములో స్లీవ్‌లు ఎప్పటిలాగే ఉన్నాయి. లెక్కపెట్టాను. రిజిస్టర్‌లో నాలుగు రోజులకి కలిపి పదకొండు రాశారు, డ్రమ్ములో అరవై పైనే ఉన్నాయి.

వాళ్లది తప్పంటే నేను ఒప్పుకోను. ఒక అంకె రాస్తే జీతంలో కోత పడుతుందని తెలిశాక ఎవరైనా ఆ అంకె ఎందుకు రాస్తారు? మన అటెండెన్స్ ప్రాక్సీల సంగతి మనకి తెలియదా. నేను చేసిన ఒక్క గ్రాఫ్, అక్కడ ఏళ్ల తరబడి నిజాయితీగా నింపుతూ వచ్చిన రిజిస్టర్‌ని నాలుగు రోజుల్లో పాడుచేసింది. దీనికి ఏ అల్గారిథమూ లేదు. తప్పు డేటాని శుభ్రం చేయొచ్చు, రాయని డేటాని ఏం చేస్తాం?

ఆ సాయంత్రం షిఫ్ట్ మారే టైములో అందరూ ఉన్నప్పుడు మామయ్యని కూడా పక్కన నిలబెట్టుకుని, తప్పు గ్రాఫ్ నేనే గీశానని చెప్పాను. సరైన లెక్క కూడా చూపించాను. రిజెక్షన్ అంకెకి ఇన్‌సెంటివ్‌తో సంబంధం ఉండదని మామయ్య అందరి ముందు అన్నాడు. అనడానికి ఆయన కొంచెం ఇబ్బందిపడ్డాడు, కానీ అన్నాడు. నైట్ అన్న ఏమీ మాట్లాడలేదు. టీ తాగేటప్పుడు మాత్రం ఒక గ్లాసు నా చేతికి ఇచ్చాడు.

తర్వాత కొత్త ఫారం తయారుచేశాం. ‘చేశాం’ అని ఎందుకంటున్నానంటే నేను ఒక్కడినే చేసిన మొదటి ఫారంలో పంతొమ్మిది కాలమ్‌లు ఉన్నాయి, డే షిఫ్ట్ అన్న దాన్ని చూసి ‘ఇది నింపుకుంటూ కూర్చుంటే జాబ్ ఎవరు చేస్తరు తమ్మీ’ అన్నాడు. చివరికి ఒక షిఫ్ట్‌కి ఒక కాగితం. ఆపరేటర్ పేరు ఉండదు. మెషిన్, పార్టు, ఏ టైముకి ఆగింది, ఏ టైముకి మళ్లీ నడిచింది, ఎందుకు ఆగింది. ‘ఎందుకు’ అన్న చోట ఏడు డబ్బాలు, టిక్ పెడితే చాలు. ఆ ఏడు కారణాల పేర్లు వాళ్ల మాటల్లోనే పెట్టాం: సెట్టింగ్, ఫస్ట్ పీస్ చెకింగ్, ఇన్‌సర్ట్ లేదు, రాడ్ రాలేదు, కరెంట్, రిపేర్, వేరే. రిజెక్ట్ అయితే అది సెట్టింగ్ తర్వాత ఎన్నో పీసో కూడా రాయాలి. ఇది మూడు వారాలు మూడో నంబర్ మెషిన్ మీదే నడిపాం.

మెషిన్ ఎంతసేపు పనిచేస్తుంది

ఫ్యాక్టరీ డేటాలో ముందు నేర్చుకోవాల్సిన అంకె ఓఈఈ. పూర్తి పేరు ఓవరాల్ ఎక్విప్‌మెంట్ ఎఫెక్టివ్‌నెస్. దీన్ని ప్రచారంలోకి తెచ్చింది జపాన్‌కి చెందిన సెయిచి నకజిమా, ఆయన పుస్తకం ఇంగ్లిష్‌లో 1988లో వచ్చింది. మూడు ప్రశ్నలకి జవాబులు తీసుకుని గుణించడమే. నడవాల్సిన టైములో మెషిన్ ఎంత నడిచింది? నడిచినప్పుడు ఎంత వేగంతో నడిచింది? చేసిన వాటిలో మంచివి ఎన్ని?

మా ఫారంలోంచి ఒక రోజు తీసుకుందాం. షిఫ్ట్ పన్నెండు గంటలు, భోజనం, టీలు పోను 660 నిమిషాలు. అందులో మెషిన్ నడిచింది 429 నిమిషాలు, అంటే 65 శాతం. ఒక్కో పీసుకి ఆరు నిమిషాలు పట్టాలి, చేసినవి 66, అంటే 396 నిమిషాల పని 429 నిమిషాల్లో చేసినట్టు, 92 శాతం. 66లో మంచివి 62, అంటే 94 శాతం. మూడూ గుణిస్తే దాదాపు 56 శాతం. నకజిమా చెప్పిన లక్ష్యం 85 శాతం దాకా ఉంటుంది (90, 95, 99 శాతాలు గుణిస్తే వచ్చేది). ఆ అంకె చూసి సిగ్గుపడక్కర్లేదని నా ఉద్దేశం. రోజుకి రెండుసార్లు పార్టు మారే జాబ్ వర్క్ షాపుని, ఏడాదంతా ఒకే పార్టు చేసే కార్ల ఫ్యాక్టరీతో పోల్చడం న్యాయం కాదు. 56లో ఎక్కువగా పడిపోయింది ఏ భాగమో చూడటమే దీని ఉపయోగం. ఇక్కడ అది మొదటి భాగం, మెషిన్ ఆగిపోవడం.

మామయ్య నమ్మకం ఏంటంటే మెషిన్ పాతబడింది, మాటిమాటికి రిపేర్ వస్తోంది, అందుకే కొత్తది కావాలి. మూడు వారాల్లో 36 షిఫ్టులకి మొత్తం టైము 23,760 నిమిషాలు. ఆగింది 8,100 నిమిషాలు. కారణాలు పెద్దది నుంచి చిన్నది దాకా పేరిస్తే (దీన్నే పరేటో చార్ట్ అంటారు) ఇలా వచ్చింది: సెట్టింగ్ 3,100. ఫస్ట్ పీస్ చెకింగ్ 1,900. ఇన్‌సర్ట్ లేదు 1,100. రాడ్ రాలేదు 800. కరెంట్ 500. రిపేర్ 400. వేరే 300.

రిపేర్ అయిదు శాతం కూడా లేదు. మామయ్య చాలాసేపు ఆ కాగితం పట్టుకుని కూర్చున్నాడు. రిపేర్ వస్తే మెకానిక్‌కి ఫోన్ చేయాలి, డబ్బులివ్వాలి, అరుపులు, గొడవ, అందుకే అది గుర్తుండిపోతుంది. ఫస్ట్ పీస్ కోసం ఆపరేటర్ నిశ్శబ్దంగా నిలబడి ఎదురుచూసే ఇరవై నిమిషాలు ఎవరికీ గుర్తుండవు. పార్టు మార్చాక మొదటి పీసుని కొలిచి ఓకే అంటేనే మిగతావి నడపాలి. కొలిచే మనిషి ఒక్కడే, పగలు ఐదు మెషిన్లకీ ఆయనే. రాత్రి ఆయన ఉండడు, సూపర్‌వైజర్ రావాలి.

సెట్టింగ్ విషయంలో మాకు దారి చూపించింది షిగెయో షింగో. 1969లో టొయోటాలో వెయ్యి టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. దాన్ని ముందు గంటన్నరకి, తర్వాత మూడు నిమిషాలకి తెచ్చారు. ఆయన సూత్రం మన అమ్మలకి ఎప్పుడో తెలుసు. పొయ్యి వెలిగించాక కూరగాయలు తరగడం మొదలుపెట్టరు కదా. మెషిన్ ఆపాక మాత్రమే చేయగలిగే పనులు వేరు, నడుస్తుండగానే చేసి పెట్టుకోగలిగే పనులు వేరు. మా దగ్గర మెషిన్ ఆపాక సాఫ్ట్ జాస్ వెతికేవాళ్లు, ఇన్‌సర్ట్‌ల కోసం స్టోర్‌కి వెళ్లేవాళ్లు, గేజ్ ఎవరి దగ్గరుందో అడిగేవాళ్లు. ఇప్పుడు తర్వాతి జాబ్‌కి కావాల్సినవన్నీ ఒక ట్రేలో ముందే పెడుతున్నారు. మూడు వారాల్లో 31 సెట్టింగ్‌లు, సగటు వంద నిమిషాలు ఉండేది, నేను తిరిగొచ్చే ముందు వారం అది డెబ్బైకి దగ్గరగా ఉంది. ఫస్ట్ పీస్ కొలవడం ఇద్దరు ఆపరేటర్లకి నేర్పిస్తున్నారు.

ఇక లోన్. సెట్టింగ్, ఫస్ట్ పీస్ రెండూ కలిపి 5,000 నిమిషాలు. అందులో సగం తగ్గించగలిగితే ఒక మెషిన్ టైములో సుమారు పదిన్నర శాతం వెనక్కి వస్తుంది. ఐదు మెషిన్లకి కలిపితే 52 శాతం. కొత్త మెషిన్ కొన్నా అది కూడా మన షాపులో మన పద్ధతిలోనే నడుస్తుంది, అంటే 66 శాతమే. అప్పుడు లోన్ లేకుండానే కొత్త మెషిన్‌లో 80 శాతం వచ్చినట్టు. ఇందులో ఒక పెద్ద ‘అయితే’ ఉంది. నేను కొలిచింది ఒక్క మెషిన్‌నే, మిగతా నాలుగూ అలాగే ఉన్నాయని అనుకున్నాను. ఈసారి ఆ మాట గ్రాఫ్ మీదే పెద్ద అక్షరాలతో రాశాను. మామయ్య బ్యాంకుకి వెళ్లడం మూడు నెలలు వాయిదా వేశాడు. అత్తయ్య ఆ రోజు నాకు గారెలు వండింది. నా మొత్తం ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ అదే.

ఎన్నో పీసు?

స్లీవ్ 8 శాతం ఎందుకు పోతోందన్నది ఇంకా మిగిలే ఉంది. పాత రిజిస్టర్‌లో షిఫ్ట్‌కి ఒక మొత్తం మాత్రమే ఉండేది, దాన్ని చూస్తే ఏమీ తెలియదు. కొత్త ఫారంలో రిజెక్ట్ అయిన ప్రతి పీసు నంబరు ఉంది. వరసలో పెట్టి చుక్కలు పెడితే అవి చెల్లాచెదురుగా లేవు. సెట్టింగ్ అయ్యాక మొదటి ఐదారు పీసులు, మళ్లీ భోజనం బ్రేక్ తర్వాత మూడు నాలుగు పీసులు. అక్కడే గుంపుగా ఉన్నాయి.

కారణం వేడి. మెషిన్ తిరుగుతుంటే స్పిండిల్ వేడెక్కి కొద్దిగా సాగుతుంది, అరగంట ఆపితే చల్లబడి తగ్గుతుంది. స్టీలు ఒక మీటరుకి ఒక డిగ్రీ వేడికి 11 లేదా 12 మైక్రాన్లు పెరుగుతుంది. 50 మిల్లీమీటర్ల స్లీవ్ అయినా పది డిగ్రీల తేడాకి ఆరు మైక్రాన్లు మారుతుంది. డ్రాయింగ్‌లో మొత్తం సందు ఇరవై మైక్రాన్లే అయినప్పుడు ఇది చిన్న విషయం కాదు. ఇప్పుడు బ్రేక్ తర్వాత ఐదు నిమిషాలు మెషిన్‌ని ఖాళీగా తిప్పి, అప్పుడు జాబ్ ఎక్కిస్తున్నారు.

కొలతలని టైము వరసలో పెట్టి చూడటం పాత ఆలోచనే. వాల్టర్ షూహార్ట్ అమెరికాలో టెలిఫోన్ పరికరాలు చేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో 1924 మేలో ఒక చిన్న మెమో రాశాడు. అందులోనే మొదటి కంట్రోల్ చార్ట్ ఉంది. మధ్యలో సగటు గీత, పైనా కిందా హద్దు గీతలు, వాటి మధ్య చుక్కలు. హద్దు లోపల ఊగిసలాట మామూలే, దాన్ని చూసి ఎవర్నీ తిట్టకూడదు. హద్దు దాటితేనే కారణం వెతకాలి. 1947-48లో మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ మన దేశానికి వచ్చాడు, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ పద్ధతులని మన ఫ్యాక్టరీల్లోకి తీసుకెళ్లింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు పనిచేసింది ఆ సంస్థలోనే. అంటే కంప్యూటర్లు రాకముందే పెన్సిలుతో ఇదంతా చేశారు. మనం స్లయిడ్లలో మబ్బు దగ్గర మొదలుపెడుతున్నాం.

సెన్సార్లు వద్దని కాదు. మెషిన్ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లైట్ల స్తంభం ఉంటుంది కదా, దానికి ఒక లైట్ సెన్సార్, ఒక ఈఎస్‌పీ32 బోర్డ్ పెట్టి మెషిన్ ఎప్పుడు ఆగిందో నేరుగా రాసుకునే ప్రాజెక్ట్ నేనూ మా రూమ్మేటూ ఈ సెమిస్టర్‌లో చేస్తున్నాం. కొత్త మెషిన్లయితే ఎంటీకనెక్ట్, ఓపీసీ యూఏ లాంటి ప్రోటోకాల్స్‌తో కంట్రోలర్ నుంచే తీసుకోవచ్చు. దాంతో ఆగిన టైము, నడిచిన టైము రాసే శ్రమ తప్పుతుంది. కానీ లైట్ ఎర్రగా ఉందని సెన్సార్ చెప్తుంది, ఇన్‌సర్ట్ కోసం స్టోర్ తాళం చెవి దొరకలేదని చెప్పదు. ఆ డబ్బాలో టిక్ పెట్టేది మళ్లీ ఆపరేటరే.

పోయిన నెల దసరాకి వెళ్లినప్పుడు ఫారం చూశాను. ఇప్పుడు రెండు మెషిన్ల మీద నడుస్తోంది. మూడో నంబర్ మెషిన్ నైట్ కాగితాల్లో చివర బాల్‌పెన్నుతో గీసిన ఒక కొత్త కాలమ్ ఉంది, స్కేలు కూడా పెట్టకుండా. పైన ‘అంచు’ అని రాసి ఉంది. ఆ స్లీవ్‌కి వాడే ఇన్‌సర్ట్‌కి నాలుగు కోత అంచులు ఉంటాయి, ఒకటి అరిగితే తిప్పి రెండోది వాడతారు. ఏ పీసు ఏ అంచుతో చేశాడో రాస్తున్నాడు నైట్ అన్న. ఎందుకని అడిగితే, నాలుగో అంచు దగ్గర ఏదో తేడా వస్తోందని అనుమానమట. అప్పటికి తొమ్మిది రాత్రుల లెక్కే ఉంది, అంతతో ఏమీ తేలదు. కాగితాలన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చాను, ఈ వారం టైప్ చేయాలి.